ఫ్లాపీలో మారెమ్మ కొట్టాల

మా ఆఫీసులో 'లేదు' అనే మాట ఎవరికీ రాదు. చూద్దాం అంటాం, రేపు రమ్మంటాం, పైవాళ్లను అడగాలంటాం. ఆ విద్యలో నేనే అందరికంటే ఆరితేరినవాణ్ణి. జయరాముడు ఒక్కడే ఎదుటివాడి ముఖం చూసి లేదని చెప్పేవాడు. మొదట్లో అందుకే నాకు వాడంటే గిట్టేది కాదు. ఇప్పుడు వాడి గురించి రాయాలనిపించేదీ అందుకే.

అది ఎనభై ఆరు, ఎనభై ఏడు నాటి కరువు. అనంతపురంలో మాదొక చిన్న నీటి సంఘం. బావులెండిన ఊళ్లకు ట్యాంకర్లు పంపడం మా పని. నేను లెక్కల గుమాస్తాను, పేరు రామదాసు. మా అధ్యక్షులు వెంకటేశులు గారు బెంగళూరు నుంచి ఒక కంప్యూటర్ తెప్పించారు. దానికి ఒక గది, కిటికీకి తడిపిన వట్టివేళ్ల తడికె, పైన పువ్వుల గుడ్డ. ఎండకు మేం మాడిపోయినా దానికి చల్లగా ఉండాలి. దాన్ని నడపడానికి డిగ్రీ చదివిన జయరాముడు వచ్చాడు. గుమ్మఘట్ట పక్కన మారెమ్మ కొట్టాలలో గొర్లు కాసే ఇంటి పిల్లవాడు.

ప్రోగ్రామూ, ఊళ్ల జాబితా రెండూ ఒకే ఫ్లాపీలో ఉండేవి. ఒక్కో ఊరికి ఒక్కో వరుస. ఊరి పేరు, బావి లోతు, నీళ్లు ఎంత కిందికి పోయాయి, చివర్న ఇంకో గడి. ఆ చివరి గడి వెంకటేశులు గారు పట్టుబట్టి పెట్టించింది. 'శ్రీయుత వెంకటేశులు గారు, సంఘం వ్యవస్థాపక అధ్యక్షులు, వారి ఆధ్వర్యంలో' అని ప్రతి ఊరి వరుసలోనూ ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేది. ఊరి పేరు జానెడు, ఆయన పేరు బారెడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుని మేమెవరమూ పట్టించుకోలేదు. ఏ ఊళ్లో నీళ్లు అడుగంటితే ఆ ఊరు జాబితాలో పైకి వచ్చేది. ట్యాంకర్లు ఆ వరుసలోనే పోయేవి.

మొదటి వేసవిలో ఏ ఊరివాళ్లు వచ్చినా వెంకటేశులు గారు "ఎక్కించప్పా" అనేవారు. ఎక్కిస్తూ పోయాం. ఒక పొద్దున ఫ్లాపీ నిండిపోయి, రాస్తున్న ఫైలు మధ్యలోనే చెడిపోయింది. తెర మీద ఒక్క ఊరు కూడా కనబడలేదు. జాబితా లేకపోయేసరికి డ్రైవర్లు తమకు కాఫీ ఇచ్చే ఊళ్లకే పోయారు. ఒక తాండాలో పిల్లలు పశువుల తొట్టిలో నీళ్లు తాగి ఆసుపత్రి పాలయ్యారు. జయరాముడు బస్సుల్లో, అరువు తెచ్చుకున్న సైకిల్ మీద ఊరూరూ తిరిగి జాబితా మళ్లీ రాసుకొచ్చాడు. ఆ తిరుగుడులో వాడి ముఖం నల్లగా మాడిపోయింది, మాట కూడా తగ్గింది.

వచ్చాక వాడు చేసిన మొదటి పని ప్రోగ్రాములో ఒక హద్దు పెట్టడం. ఫైలు ఆ హద్దు దాకా పెరిగిందంటే ఇంకో ఊరిని తీసుకోదు. తెర మీద 'చోటు లేదు' అని వస్తుంది. నాకు ఒళ్లు మండింది.

"యంత్రం గూడా లేదంటే ఎట్లప్పా? ఇంకా కొంచెం పడుతుంది కదా దాంట్లో" అన్నాను.

"పడుతుంది అన్నా. పట్టినట్టే కనపడుతుంది. ఒగ దినం ఉన్న ఊళ్లు గూడా పోతాయి. మా నాయన ఎండాకాలం రాకముందే మేత ఎంతుందో చూసి, దానికి మించిన గొర్లు అమ్ముతా ఉండె. అమ్మనోళ్ల మందలు మొత్తం పడిపోయె."

రెండో ఫ్లాపీ పెట్టమన్నాను. రెండు జాబితాలైతే రెండో జాబితా ఊళ్లకు ట్యాంకర్ ఎప్పుడూ మిగిలితేనే పోతుందన్నాడు. ఆ మాట నిజమేనని నాకూ తెలుసు.

మరుసటి వేసవికి ఫైలు హద్దు దాకా వచ్చింది. ఆ తర్వాత వచ్చిన ఊళ్లవాళ్లకు జయరాముడు లేదని చెప్పి, వచ్చిన వరుసలో పేర్లు రాసుకున్నాడు. వాళ్లలో అందరికంటే ముందు వచ్చింది వెంకటేశులు గారి వియ్యంకుడు. ఆయనకూ లేదనే చెప్పాడు. మా అధ్యక్షులు ముఖం ముడుచుకుని వారమంతా కంప్యూటర్ గది వైపు రాలేదు. అందరికంటే చివర్న ఒక మధ్యాహ్నం మారెక్క వచ్చింది. జయరాముడి తల్లి. వాళ్ల కొట్టాలలో ఉన్న ఒక్క బావీ బురద తేలింది. మందను అమ్ముకుని జనం బెంగళూరు పోవడానికి మూటలు కట్టుకుంటున్నారని చెప్పింది. చెప్పులు బయట విడిచి, ఆ చల్లటి గదిలో కొడుకు ముందు నిలబడింది.

"ఏమిరా, నీ పెట్టెలో మనూరు పట్టదంట?"

"పట్టదుమా."

"ఒగ్గ ఊరురా."

"అందరూ ఒగ్గ ఊరనే వచ్చినారుమా. నీకు పెడితే నీ ముందర వచ్చినోళ్లకు ఏం చెప్పాల?"

కన్నతల్లికి మంచినీళ్లు లేవని చెప్పే కొడుకును నేను అంతకు ముందు చూడలేదు. తిట్టబోయి, వాడు అందరి పేర్ల కింద 'మారెమ్మ కొట్టాల' అని రాసుకోవడం చూసి ఊరుకున్నాను.

మారెక్క ఏడవలేదు, అరవలేదు. గోడకానుకుని కింద కూర్చుంది.

"నేనొచ్చిన బస్సు గూడా నిండిపోయి ఉండె. ఎవురినీ దింపలేదు. ఒగాయప్ప సీటు మీద పక్కన పెద్ద మూట పెట్టుకోని కూర్చున్న్యాడు. కండక్టరు ఆ మూట పైకెక్కించి నన్ను కూర్చోబెట్టినాడు" అంది. ఎగతాళికి అన్న మాట కాదు, అలసిపోయి అన్న మాట.

జయరాముడు తెర మీద జాబితాను పైనుంచి కింది దాకా జరుపుతూ చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "అన్నా, అధ్యక్షులవారి పేరు ఎన్నిసార్లు ఉండాది దీంట్లో?" అన్నాడు.

"ఊరికొకసారి" అన్నాను. అన్నాక నాకూ అర్థమైంది.

"హద్దు జరపను. మూట దించుతా" అన్నాడు.

సాయంత్రానికి పని అయిపోయింది. ముందు మొత్తం ఇంకో ఫ్లాపీలోకి నకలు తీసి పెట్టుకున్నాడు. చివరి గడి తీసేసి, అధ్యక్షుల పేరు జాబితా మొదట్లో ఒకే ఒక్కసారి రాశాడు. ఖాళీ అయిన చోట్లోకి, వచ్చిన వరుసలోనే ఊళ్లను ఎక్కించాడు. వియ్యంకుడి ఊరు ముందు, మారెమ్మ కొట్టాల అన్నిటికంటే చివర. అది ఎక్కాక ఇంకో పేరు కొట్టి చూశాడు. 'చోటు లేదు' అని వచ్చింది. వాడి ముఖంలో ఆ రోజు మొదటిసారి నవ్వు కనబడింది.

మర్నాడు కొత్త జాబితా చూసి వెంకటేశులు గారు గదిలోకి దూసుకొచ్చారు. మారెక్క వరండాలోనే ఉంది, రాత్రి మా ఇంట్లో పడుకుని పొద్దున్నే వచ్చింది.

"నా పేరు యాడికి పోయె?"

"మొదట్లో ఉండాది సార్. ఒగసారి చాలనుకున్న్యా."

"అనుకునేదానికి నువ్వెవరు? మావాళ్ల ఊరికి చోటు లేదంటివి. మీయమ్మ రాంగానే చోటొచ్చెనా?"

"మీవాళ్ల ఊరే ముందెక్కింది సార్. మాయమ్మది చివర్న."

"ఎట్లుండిందో అట్ల పెట్టు. ఇప్పుడే."

నేను తల వంచుకుని నిలబడ్డాను. వాడి ఉద్యోగం పోయిందనుకున్నాను. జయరాముడు మాత్రం లేచి, కొత్త ఊళ్ల పేర్లు రాసుకున్న కాగితం, పెన్నూ ఆయన ముందు పెట్టాడు.

"పెడతా సార్. మీ పేరు అన్నిట్లో పెడితే కొత్తూళ్లు ఒగటి గూడా ఉండవు. ఫైలు తీసుకోదు. వాటిని మీ చేత్తోనే కొట్టేయండి. నేను కొట్టలేను."

వెంకటేశులు గారు పెన్ను తీసుకున్నారు. మొదటి పేరు వియ్యంకుడి ఊరిది. పెన్ను దాని మీద ఆగి కిందికి జరిగింది. ఒక్కో పేరు దగ్గర ఆగుతూ చివరికి వచ్చింది. తలెత్తితే గుమ్మంలోంచి మారెక్క కనబడుతోంది. ఆమె బతిమాలలేదు, దండం పెట్టలేదు, ఊరికే చూస్తోంది. ఆయన పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

"మొదట్లో పెద్దక్షరాల్లో ఉండాదా?" అని అడిగారు.

"ఉండాది సార్."

ఆయన బయటికి పోతూ మారెక్కను కాఫీ తాగావా అని అడిగారు. పెద్దమనిషితనం ఆయనలోనూ ఎక్కడో ఉంది, కాదనను.

అన్ని ఊళ్లకంటే బావిలో నీళ్లు అడుగున ఉన్నది మారెమ్మ కొట్టాలలోనే. అందుకే జాబితాలో ఆఖరున ఎక్కిన ఊరు ట్యాంకర్ వరుసలో పైకొచ్చింది. వాడి మీద మాట రాకూడదని ఆ ట్యాంకర్ వెంట నేనే పోయాను. కట్టిన మూటలు విప్పి జనం బిందెలు తెచ్చుకున్నారు. గొర్లకూ తొట్టి నింపారు. మారెక్క అందరూ పట్టుకున్నాక తన కడవ పెట్టింది. కొడుకు మీద కోపంగా ఉందేమో అనుకున్నాను.

"ఏమీ అనుకోవద్దక్కా. వాడు ఎవరికైనా అట్లే మొహాన లేదంటాడు" అన్నాను.

"అననీ రామదాసప్పా" అంది మారెక్క, కడవ నెత్తికెత్తుకుంటూ. "నాకే లేదన్నోడు ఇంగ ఎవురికి భయపడతాడు?"