బెర్సి మామ మెచ్చిన ఏరు

ఏ ఏరు చూపించినా పెదవి విరవడం మా బెర్సి మామకు జబ్బు. ఐస్‌లాండ్ మొత్తంలో ఆయన మెచ్చిన ఏరు ఒక్కటి లేదు. మెచ్చినవన్నీ చచ్చినవాళ్ళ లోకంలో, హెల్ దేవత ఇలాకాలో పారుతున్నాయి.

"ఇదీ ఒక ఏరేనట్రా? స్లీద్‌ని చూడాలి. నీళ్ళకు బదులు కత్తులు పారతాయి!"

"నువ్వు చూశావా మామా?"

"చూస్తేనే చెప్పాలా?"

ఇంతటి నదుల పండితుడికి మా గొర్రెల దొడ్డి పక్కన మోకాలి లోతు వాగు దాటాలంటే కాళ్ళు వణుకు. రోజూ నా వీపెక్కి దాటేవాడు. ఎక్కినవాడు నోరు మూసుకుంటాడా? "గ్యోల్ ఏటి హోరు ముందు ఇదెంత!" అంటూ నా జుట్టు పీకేవాడు. ఒక పెళ్ళిలో గంజి పోస్తే, గ్యోల్ నీళ్ళే ఇంతకంటే చిక్కగా ఉంటాయని పెళ్ళికూతురి తల్లితోనే అన్నాడు. ఆయనకు రెండోసారి గంజి పోసినవాళ్ళు లేరు.

ఆయనకున్న ఇంకో మురిపెం చావు జోళ్ళు. మాలో పోయినవాళ్ళ కాళ్ళకు జోళ్ళు కట్టి పంపుతాం, హెల్ లోకం దాకా నడవాలి కదా. మామ తన కోసం వాల్రస్ తోలుతో, మూడు పొరల అడుగుతో ముందే కుట్టుకుని, పెట్టెలో దాచి, వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. బతికున్న కాళ్ళకు మాత్రం చిరుగు జోళ్ళే.

ఆ చలికాలం వాగవతలి గ్రోవా అవ్వ మంచం పట్టింది. పిల్లాజెల్లా లేని మనిషి. చావంటే భయం లేదుగానీ, కత్తుల ఏరంటే వణికిపోతోంది. అదెవరి చలవో చెప్పక్కర్లేదు. నాకు ఒళ్ళు మండింది.

"అంతా అబద్ధమని చెబుదువుగాని, పద!" అని మామను లేవదీశాను.

"ఉండరా" అంటూ పెట్టెలోంచి ఏదో తీసి చంకలో పెట్టుకుని, దర్జాగా నా వీపెక్కాడు.

మామ అబద్ధమని ఒప్పుకుంటాడా! మంచం పక్కన కూర్చుని, "స్లీద్ నీ దారిలో లేదు వదినా. అది మాట తప్పినోళ్ళకి. నీకు గ్యోల్ మీద బంగారు కప్పున్న వంతెనుంది. కాపలా పిల్ల పేరడుగుద్ది, చెప్పు. అంతే" అన్నాడు.

"దారి తప్పితేనో?"

మామ చంకలోని చావు జోళ్ళు తీసి అవ్వ కాళ్ళ పక్కన పెట్టాడు. "మూడు పొరలు. కత్తి దిగదు. సరిపోతాయేమో చూడు."

"మరి నీకో?"

"నాకెందుకు? ఈదేస్తా."

అవ్వ దగ్గొచ్చేదాకా నవ్వింది. "వాగు దాటలేనోడివి! వంతెన దగ్గరే ఉంటాలే. నేనే ఎత్తుకుని దాటిస్తా."

ఎన్నడూ లేనిది, మామ నాకు ముద్దొచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు వాగు దగ్గర అడక్కుండానే వంగాను. మామ ఎక్కి, "ఇదీ ఒక ఏరేనట్రా?" అన్నాడు.

"కాదులే మామా. గట్టిగా పట్టుకో."