వెనక్కి దొర్లించిన బంతి

సౌదీలోని దమ్మామ్‌లో నేను ఫిజియోగా పనిచేసే ఆసుపత్రికి భారీ మనుషులు చాలామందే వస్తారు. ఆయనకున్నంత లావు మెడ మాత్రం ఎవరికీ చూడలేదు. ఓ కంపెనీ ఉద్యోగులుండే కాంపౌండ్‌లో రగ్బీ కోచ్. మోకాలి నొప్పని వచ్చేవాడు.

రగ్బీ అంటే కబడ్డీకి బంతి తోడైందనుకునేవాణ్ని. అందులో రెండు రకాలున్నాయని ఆయనే చెప్పాడు. పదిహేనుమంది ఆడేదొకటి, పదమూడుమంది ఆడేదొకటి. రెంటిలోనూ తన దేశం తరఫున ఆడాడు. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదంటారు మనవాళ్లు. ఈయన పెట్టి, రెంటినీ ఒడ్డుకు చేర్చాడు. అయినా చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే రకం కాదు, అడిగితే తప్ప నోరు విప్పడు. తలకు తగిలిన దెబ్బలకైతే లెక్కే లేదట. "స్పృహ తప్పితే మొహాన నీళ్లు కొట్టి మళ్లీ పంపేవాళ్లు డాక్టర్," అని నవ్వేవాడు. నేను డాక్టర్ని కానని ఎన్నిసార్లు చెప్పినా అదే పిలుపు.

ఒక శుక్రవారం ఆయన రమ్మంటే ఆట చూడ్డానికి వెళ్లాను. పొద్దుగూకి మగ్రిబ్ నమాజయ్యాక, కాంపౌండ్ జట్టుకు మనిషి తక్కువై తనే దిగాడు. ఆడేది పదిహేనుమంది ఆట. అందులో పడ్డవాడు బంతిని వెంటనే వదిలెయ్యాలి, దానికోసం రెండు జట్లూ కలబడతాయి. పదమూడుమంది ఆటలో అలా కాదు. పడ్డవాణ్ని లేవనిస్తారు, వాడు బంతి నేలమీద పెట్టి కాలితో వెనక్కి దొర్లిస్తాడు, వెనకున్న తనవాడు అందుకుంటాడు.

ఆయన్ని పడేశారు. లేచాడు. మనుషులు మీదికొస్తుంటే తీరిగ్గా బంతి నేలమీద పెట్టి, కాలితో వెనక్కి దొర్లించాడు. వెనక ఎవడూ లేడు. ఎదుటి జట్టువాడు ఎత్తుకుపోయి గీత దాటేశాడు.

పెద్దాయన సరదా చేస్తున్నాడని అందరూ ఘొల్లుమన్నారు. కాసేపటికి మళ్లీ అదే పని. ఈసారి వెనక నిలబడలేదేమని తనవాళ్లనే తిట్టాడు. అప్పుడూ నవ్వారు కొందరు. నాకు ఒళ్లు మండింది, ఆ వెంటనే భయం వేసింది.

ఆట చూస్తూ నా పక్కనే కూర్చున్న ఆయన భార్య నా వైపు వంగింది. "నాకు చాలా రోజులుగా తెలుసు. ఆయనకే తెలీదు. మీరు అనకండి, తట్టుకోలేడు."

ఆటయ్యాక ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లాను. నెత్తిన తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. మోకాలు చూడబోతే నా చెయ్యి తోసేశాడు.

"దానికేం లేదు డాక్టర్, ఎప్పుడూ లేదు. తల చూపించుకునే ధైర్యం లేక మీ దగ్గరికొస్తున్నాను. రెండు ఆటలూ కలిసిపోతున్నాయి. ఇప్పుడు ఏది ఆడుతున్నానో తెలియడం లేదు." తువ్వాలు ఇంకా కిందికి లాక్కున్నాడు. "మా ఆవిడకి తెలీదు. మోకాలని చెప్పండి."

బయట కారు దగ్గర ఆమె ఎదురుచూస్తోంది. "మోకాలే," అన్నాను. నా గొంతు నాకే రోతగా వినిపించింది.

"నేనూ అదే అనుకున్నా," అంది ఆమె, నా కళ్లలోకి చూడకుండా.

ఆయన కుంటుకుంటూ వచ్చాడు. ఆమె ఎదురెళ్లి భుజం అందించింది. ఇంటికెళ్లగానే ఐస్ పెడదామని ఆమె, రేపటికి తగ్గిపోతుందిలే అని ఆయన, నా ముందే చెప్పుకుంటూ కారెక్కారు.