టెన్షన్ గుంటలో టెన్నిస్ బంతి

2006లో నేను షార్జాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో డ్రైనేజీ ఇంజనీరుని. అందులోనూ వాన నీటి విభాగం. వానే కురవని చోట ఈ ఉద్యోగమేమిటని కాకినాడ నుంచి మా బావమరిది ఫోన్లో నవ్వేవాడు. "ఖాళీగానే ఉంటావుగా, పక్కన గొడుగుల షాపు కూడా పెట్టు బావా" అని సలహా ఇచ్చాడు. ఆలోచించాను కూడా. నాకంటూ ఒక గొడుగు కొందామని వెతికితేనే ఎక్కడా దొరకలేదు.

అక్కడ వాన తక్కువన్న మాట నిజమే. కానీ పడే ఆ కాస్తా ఒక్క పూటలో పడుతుంది. వట్టి ఇసుకైతే గటగటా తాగేస్తుంది. ఆ ఇసుకని రోలరుతో తొక్కించి, పైన ఇంటర్‌లాక్ టైల్స్ పరిచి, రేకుల షెడ్లు వేశాక దానికి తాగడానికి నోరుండదు. అలా ఇంకకుండా పైపైన పారే నీటిని మేం రనాఫ్ అంటాం. దాన్ని పైపుల్లో మోసుకెళ్ళి ఎక్కడో పారబోయడం పాత పద్ధతి. అక్కడికక్కడే కాసేపు నిలిపి, నిదానంగా భూమికి తాగించడం కొత్త పద్ధతి. అలా నిలిపే గుంట పేరు డిటెన్షన్ బేసిన్.

షార్జా శివార్లలోని సజ్జాలో మా కంపెనీ లేబర్ క్యాంపుకి అలాంటి గుంట ఒకటి నేనే డిజైన్ చేశాను. పల్లపు మూలన, లోతు తక్కువగా, విశాలంగా, చుట్టూ గట్టుతో. ఆవరణలో పడ్డ నీరంతా జాలీల్లోంచి దిగి, ఒక పెద్ద కాంక్రీటు పైపులో ప్రయాణించి, గట్టు గోడలోంచి ఈ గుంటలో పడాలి. ఆ పైపు మూతిని ఔట్‌ఫాల్ అంటారు. గట్టుకి ఇవతల దిగువ బ్లాకు ఉంది. పైపు పారకపోతే నీళ్ళు ముందుగా పలకరించేది ఆ గదులనే.

క్యాంపువాళ్ళకి 'డిటెన్షన్' నోరు తిరగక 'టెన్షన్ గుంట' అన్నారు. మా ముదీర్‌కి, అంటే మేనేజరుకి, దాన్ని చూస్తే నిజంగానే టెన్షన్. ఆ స్థలంలో బస్సులు పెట్టుకోవచ్చని ఆయన బాధ.

"ఇంజనీర్, ఇందులో నీళ్ళేవి?"

"వానొస్తే వస్తాయి సార్."

"వానెప్పుడు?"

"చెప్పలేను సార్."

"నీళ్ళెప్పుడొస్తాయో నీకే తెలీదు. బస్సులు రోజూ వస్తాయి. పూడ్చెయ్, ఖలాస్."

ఈ చలికాలం వెళ్ళేదాకా ఆగమని బతిమాలాను. ఒప్పుకున్నాడు. వానని నమ్మి కాదు, నా మొహం చూసి జాలిపడి.

గుంటని నాకంటే బాగా కాపాడింది క్రికెట్. క్యాంపు బాస్ మస్తాన్ వలీది నెల్లూరు. గదులు, మెస్సు, తగాదాలు, అన్నీ అతని పద్దే. ఒకరోజు వచ్చి, "సార్, మనోళ్ళు శుక్రవారం సెలవని రోడ్డు మీద ఆడతావుండారు. లారీలొస్తా పోతా ఉండాయి. ఆ గుంటలో ఆడుకోమందునా?" అన్నాడు. నేను వెంటనే సరేనన్నాను. ఖాళీ గుంటకి దిక్కుండదు, గ్రౌండుకైతే బోలెడంతమంది చుట్టాలు. అనుకున్నట్టే ఒక శుక్రవారం ముదీర్ గట్టు మీద నిలబడి ఆట చాలాసేపు చూశాడు. ఆ వారం పార్కింగ్ మాటెత్తలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

చలికాలం వచ్చింది. మబ్బు పట్టిన ఒక శుక్రవారం, పైపు ఎలా ఉందో చూద్దామని వెళ్ళాను. కరీంనగర్ జట్టుకీ నెల్లూరు జట్టుకీ ఫైనల్ నడుస్తోంది. నాకు ఔట్‌ఫాల్ కనిపించలేదు. ఆ చోట నున్నటి గోడ, గోడ మీద ఎర్ర రంగుతో గీసిన మూడు వికెట్లు ఉన్నాయి.

"మస్తాన్, పైపేదయ్యా?"

"అదా సార్? బంతి లోపలికి పోతాంది. ఇసక పేరకపోయుండాది, పోయింది తిరిగి రాదు. తేళ్ళుంటాయని ఎవుడూ చెయ్యి పెట్టడు. అందుకని రాజయ్య మూసేసినాడు."

కరీంనగర్ మేస్త్రీ, ఆ జట్టు ఫాస్ట్ బౌలరూ అయిన రాజయ్య చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చాడు. మెచ్చుకోడానికి పిలిచాననుకున్నాడు. "ప్లాస్టరింగ్ ఎట్లున్నది సార్? లెవల్ పెట్టి చూడుండ్రి, నూలు తేడా గూడ రాదు."

రాలేదు. మేం కట్టిన విల్లాల్లో కూడా అంత మంచి గోడ నేను చూడలేదు. ఔట్‌ఫాల్‌లో ఔట్ ఉంచి ఫాల్ తీసేశారు.

"పగలగొట్టాలి రాజయ్యా."

"ఇప్పుడా? మా బ్యాటింగే కాలే సార్."

"వానొచ్చేట్టుంది."

"రానియ్యుండ్రి, చల్లగుంటది."

"నీ గది ఎక్కడ?"

"దిగువ బ్లాకుల, మొదటిది."

"మంచం కింద ఏముంది?"

రాజయ్య నన్ను చూశాడు, గోడని చూశాడు. వచ్చే నెల ఊరికి పోవడానికి దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, పిల్లలకి బట్టలు సర్ది, తాడుతో బిగించిన అట్టపెట్టె ఉందక్కడ. క్యాంపంతా ఎరిగిన పెట్టె అది.

"ఈ ఓవరు అయిపోనీండి సార్" అని మస్తాన్ అంటూండగానే వాన దిగింది.

ఆవరణలో జాలీలు నీళ్ళు మింగడం మానేసి కక్కడం మొదలుపెట్టాయి. టైల్స్ మీది నీరు దిగువ బ్లాకు గడపలవైపు నడిచింది. రాజయ్య గదికి పోలేదు. "నా పెట్టె మంచం మీదికెత్తుండ్రిరా!" అని అరిచి, తిన్నగా స్టోరులోకి పరిగెత్తి సమ్మెట తెచ్చాడు. మొదటి దెబ్బ మిడిల్ వికెట్‌కి తగిలింది.

"బౌల్డ్!" అన్నాడు మస్తాన్. అంత వానలోనూ నవ్వారు.

గోడ మాత్రం కదల్లేదు. "గింత గట్టిగ ఎందుకు కలిపిన్నో!" అని రాజయ్య తన పనినే తిట్టుకుంటూ కొట్టాడు. నెల్లూరు జట్టు గునపాలతో దిగింది. లోపల నీటి ఒత్తిడి ఉంది, ఎదురుగా ఉండొద్దు, పక్కన నిలబడి కొట్టండని నేను అరుస్తున్నాను. ఆ పూట నా ఇంజనీరింగంతా గొంతులోనే. చివరికి ప్లాస్టరు బీటలిచ్చింది. దాని వెనకాల పైపు మూతికి అడ్డం పెట్టిన ప్లైవుడ్ ఒక్కసారి లేచిపోయింది. ఇసుక, చెత్త, నీళ్ళు కలిసి బయటికి దూకాయి. వాటితోపాటు ఇన్నాళ్ళూ పోయిన టెన్నిస్ బంతులన్నీ, ఒకదాని వెనక ఒకటి!

రెండు జట్లూ మోకాళ్ళ నీళ్ళలో బంతుల కోసం పడ్డాయి. దిగువ బ్లాకులో నీళ్ళు గడప దాటి, కాసేపు ఆగి, వెనక్కి తిరిగాయి. పెట్టె అడుగున తడిసింది. రాజయ్యకి కొత్త అట్టపెట్టె అవసరమైంది గానీ, కొత్త సామాను కాదు.

"మ్యాచ్ డ్రా అయినట్టా సార్?" అన్నాడతను.

"డ్రా కాదు, డ్రెయిన్."

మర్నాడు ముదీర్ వచ్చి నిండిన గుంటని చూశాడు. నీళ్ళేవని అడగలేదు. "బస్సులు గేటు బయట పెట్టమను" అని వెళ్ళిపోయాడు.

ఆ గుంట నాకు నేర్పింది ఇది. వాన అరుదైన చోట నీటి గుంటకి మిగతా ఏడాదంతా ఇంకో పని ఉండాలి, లేకపోతే ఎవరో ఒకరు పూడ్చేస్తారు. అయితే రెండో పని మొదటి పనిని మరిచిపోయేలా చేస్తుంది. కాబట్టి రెండింటినీ ఒకే డ్రాయింగులో గీయాలి. ఆ తర్వాత నేను గీసిన ప్రతి ఔట్‌ఫాల్‌కీ తెరిచి మూసుకునే ఇనప జాలీ పెట్టాను. దాని సందు ఏ కోడ్ ప్రకారమని క్లయింట్లు అడిగేవారు. క్రికెట్ కోడ్ అనేవాణ్ణి.

కొద్దిరోజులకి నీరంతా ఇంకింది. మస్తాన్ ఫోన్ చేశాడు.

"సార్, టెన్షన్ ఇంకిపోయినాది. ఫైనల్ మళ్ళీ ఆడాల. వికెట్లు ఏడ గీయాల్నో ఈసారి మీరే వచ్చి డ్రాయింగ్ ఇయ్యండి."