ఎడమ కిటికీలో చెయ్యి

మా సంఘంలో కుర్చీలు కూడా సీనియారిటీ ప్రకారమే. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. మాజీ సైనికాధికారులం పాతికమందిమి ఉన్నాం. యూనిఫాం విప్పి ఇరవై ఏళ్లు దాటినవాళ్లకు కూడా ఎవరు ఏ వరసలో కూర్చోవాలో చెప్పనక్కర్లేదు. ఆఖరి వరసలో తలుపు దగ్గరి కుర్చీ నాది. అరవై ఏడేళ్లు, మోకాళ్ల నొప్పులు. అయినా మా విశాఖ శాఖలో నేనే కుర్రాణ్ణి, అందుకే కార్యదర్శినీ నేనే.

పని మరీ పెద్దదేం కాదు. బుధ, శనివారాలు పొద్దున్నే మహారాణిపేటలోని అద్దెగది తాళం తియ్యాలి. పోయిన సభ్యుల భార్యలు పింఛను కాగితాలు పట్టుకొస్తే నింపిపెట్టాలి. సైన్యంలో చేరమని కాలేజీ పిల్లలకు చెప్పడానికి ఎవరో ఒకర్ని పంపాలి. నెలకోసారి సమావేశం, ఉప్మా, టీ, పోయినవాళ్ల కోసం రెండు నిమిషాల మౌనం. ఈమధ్య ఏ నెలా ఆ మౌనం తప్పడం లేదు.

మొదటి వరసలో మొదటి కుర్చీ మా అధ్యక్షుడిది. నేనాయన్ని సార్ అనే పిలుస్తాను, ఇక్కడా అలాగే అంటాను. ఎనభై నాలుగేళ్లు. నేను ఎలమంచిలి దగ్గర పల్లెలో రైతు కొడుకుని. పదో తరగతి కాగానే నేవీలో నావికుడిగా చేరి, ఇంజన్ గదిలో నూనె తుడుచుకుంటూ ఉండేవాణ్ణి. ఆయన మా ఓడకు కెప్టెన్. ఈ కుర్రాడు ఆఫీసరు కావాలని కాగితం మీద రాసి సంతకం పెట్టింది ఆయనే. ఆ సంతకం లేకపోతే నాకు తలుపు దగ్గరి కుర్చీ కూడా లేదు. ఈ మాట మా ఆవిడ దగ్గర వందసార్లు అని ఉంటాను. "అయితే ఆ కుర్సీ కాడే కూకో" అంటుంది.

సార్‌కి కళ్లలో నీటికాసులు, గ్లాకోమా. ఆ సంగతి ఆయన భార్య నాకు ఫోన్ చేసి చెప్పారు. ఆవిణ్ణి మేమంతా మేడమ్ అంటాం.

"ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుందట. పక్కలు పోయాయి, ఎడమ పక్కైతే మరీను. అయినా కారు తీస్తున్నారు. నా మాట వినరు, అమ్మాయి మాట వినరు. సంఘం మాటైతే వింటారు. నువ్వు చెప్పు బాబూ."

కమిటీలో పెట్టాను, ఆయన లేనప్పుడు. చెప్పి తీరాలన్నారు అందరూ. ఎవరు చెప్పాలి? మొదటి వరస రెండో వరస వైపు చూసింది. రెండో వరస మూడో వరస వైపు తిరిగింది. అలా అలా తలుపు దాకా వచ్చింది. నా వెనక చెప్పుల స్టాండు తప్ప ఎవరూ లేరు. చెప్తానన్నాను. రెండుసార్లు వాళ్లింటికి వెళ్లి, కాఫీ తాగి, వాతావరణం గురించి మాట్లాడి వచ్చాను.

మాకు మొహం మీద చెప్పడం చేతకాదు గానీ తీర్మానాలు రాయడం బాగా వచ్చు. ఆయన పేరు రాకుండా తెలివిగా ఒకటి రాశాం. ఎనభై దాటిన సభ్యులు సొంతంగా బండి నడుపుకుని రానక్కర్లేదు, వాళ్లను తీసుకొచ్చే బాధ్యత సంఘానిది. నెలవారీ సమావేశంలో నేనే చదివాను. సార్ శ్రద్ధగా విని, బల్ల మీద చరిచారు.

"వెరీ గుడ్. చాలా అవసరం. ఇద్దరు ఉన్నారు కదా మనవాళ్లు, ఒకాయనకి చెవుడు, ఒకాయనకి మోకాళ్లు. బుధ, శనివారాలు వాళ్లను నా కార్లో నేనే తీసుకొస్తాను."

తీర్మానం ఏకగ్రీవం. మినిట్స్ పుస్తకంలో అలాగే రాసి సంతకం పెట్టాను. అప్పటిదాకా ఒక్క ముసలాయన ప్రాణమే ప్రమాదంలో ఉండేది, మా తెలివితేటల వల్ల మూడయ్యాయి. ఆ ఇద్దరూ యుద్ధాలు చూసినవాళ్లే. సీనియర్ స్టీరింగ్ దగ్గర కూర్చుని తలుపు తెరిస్తే, కిక్కురుమనకుండా ఎక్కేశారు.

ఇక నాకు తోచిన ఉపాయం ఒక్కటే. కంచరపాలెం నుంచి పొద్దున్నే బస్సెక్కి పాండురంగాపురంలో వాళ్లింటికి వెళ్లి, ముందు సీట్లో ఎడమ పక్కన కూర్చున్నాను. ఓడలో పైన నిలబడి చుట్టూ కనబడేదంతా కెప్టెన్‌కి అరిచి చెప్పే మనిషిని లుకౌట్ అంటారు. ఎంత గొప్ప కెప్టెనైనా లుకౌట్ మాట వింటాడు, అందులో చిన్నతనం లేదు. "లుకౌట్ డ్యూటీ చేస్తాను సార్" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. "రిపోర్ట్!" అన్నారు.

"ఎడమ పక్క ఆటో సార్. ఎడమ పక్క స్కూలు పిల్లలు సార్. ఆవు సార్, పడుకుంది." అరుస్తూనే ఎడమ చెయ్యి కిటికీలోంచి బయటకు చాపి, జనాన్ని ఆగమని ఊపేవాణ్ణి. వాళ్ల వీధి నుంచి సముద్రం వైపు దిగే వాలులో ఒకామె చేపలమ్మేది. తలమీద సత్తు బేసిన్‌తో రోడ్డు దాటుతుండేది. నా చెయ్యి చూసి ఆగేది, మేం వెళ్లాక దాటేది. ఎనిమిది నెలలు అలా గడిచాయి. వెనక సీట్లో చెవిటాయన కునుకు తీసేవాడు. ఏ గొడవా లేదని మేడమ్‌కి ఫోన్ చేసి చెప్పేవాణ్ణి. గర్వంగానే చెప్పేవాణ్ణి, అదే ఇప్పుడు సిగ్గు.

ఒక బుధవారం మోటార్ సైకిల్ ఒకటి నేను చెప్పేలోపే పక్కనుంచి దూసుకుపోయింది. సార్ బ్రేకు తొక్కి, వెనక వాళ్లిద్దరి ముందూ నన్ను కడిగేశారు. "లేట్ రిపోర్ట్! ఓడలో అయితే నిన్ను ఏం చేసేవాణ్ణి?" అన్నారు. అరవై ఏడేళ్లవాణ్ణి, మనవలున్నవాణ్ణి. ఆ శనివారం పొద్దున్న ఫోన్ చేసి, జ్వరం సార్, రాలేను అన్నాను. అబద్ధం. మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటూ చెప్పాను. లుకౌట్ లేకుండా ఎలా కదులుతాడో చూద్దాం అనుకున్నాను.

"సరే, రెస్ట్ తీసుకో" అన్నారు ఆయన. కదిలారు.

చేపలామెను కొట్టింది కారు ఎడమ పక్క. సార్ పారిపోలేదు. తానే దిగి, ఆటోలో ఎక్కించి, ఆసుపత్రిలో చేర్పించి, పోలీస్ స్టేషన్‌కి వెళ్లి తప్పు నాదేనని రాసిచ్చారు. నేను వెళ్లేసరికి బెంచీ మీద కూర్చుని ఉన్నారు. కారు తాళం, లైసెన్సు అప్పటికే ఎస్సై బల్ల మీద పెట్టేశారు.

"నాకు ఎడమ పక్క కనబడదని నీకు తెలుసా?"

"తెలుసు సార్."

"డాక్టర్ చెబితే నేను నమ్మలేదు. కనబడనిచోట నల్లగా ఉంటుందనుకున్నాను. ఏమీ ఉండదోయ్, అంతా ఉన్నట్టే ఉంటుంది. ఆటో చెప్పావు, ఆవు చెప్పావు. ఇది రిపోర్ట్ చెయ్యలేదేం?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగారు. ఆ రోజు నుంచి ఆయన కారూ ఎక్కలేదు, సంఘానికీ రాలేదు. అంత తేలిగ్గా తాళం ఇచ్చే మనిషిని అడగడానికి మేం ఏడాది భయపడ్డాం.

తర్వాతి సమావేశంలో సభ్యుల రవాణాకు ఆయన చేసిన సేవకు ధన్యవాదాలు తెలుపుతూ తీర్మానం చేశారు. చేపలామె మాట అందులో లేదు. నేను రాశాను ఆ తీర్మానం కూడా, ఈ చేత్తోనే. మొదటి కుర్చీ ఖాళీగా ఉంది. రెండో కుర్చీ ఆయన అందులోకి జరగలేదు, ఎవరూ జరగమనలేదు.

మర్నాడు పెద్దాసుపత్రికి వెళ్లాను. ఆమెకు తుంటి ఎముక విరిగింది. కర్ర లేకుండా నడవలేదని, బేసిన్ ఎత్తే పని ఇక లేదని వార్డులో చెప్పారు. నేను ఎవరో చెప్పబోయాను. ఆమె నా మొహం కాదు, చెయ్యి చూసింది.

"సెయ్యి బాబు గదా నువ్వు" అంది. "మా ఈదిలో అందరికీ ఎరికే, ఆ ముసలాయనకి కళ్లు అగుపడవని. మేం కారు సూడం బాబూ, నీ సెయ్యి సూత్తాం. సెయ్యుంటే ఆగిపోతాం. ఆయేళ సెయ్యి నేదు. సెయ్యి నేదంటే ముసలాయన కాదు, ఇంకెవులో తోల్తన్నారు, నన్ను సూసి ఆపుతార్లే అని దాటేసినాను."

నేను తెచ్చిన యాపిల్ పళ్ల సంచీ ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడ్డాను. స్టూలు మీద పెట్టమని ఆమే చూపించింది. తర్వాత తల కొంచెం పైకెత్తి, నా మొహం వైపు చూసింది.

"మేడమ్ గోరు వచ్చి సెప్పినారు. ఆయేళ నీకు జొరమంట గదా, నేకపోతే వచ్చుందువంట. తగ్గిందా బాబూ?"

"తగ్గిందమ్మా" అన్నాను.