కొండ ఊరి సంతలో అత్తగారి కొసరు

మొన్న శనివారం, అమెరికాలో మేముండే ప్లేనోలో ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాం. బెండకాయలు తూచాక, కౌంటర్ దగ్గరున్న తెలిసినాయన్ని కాస్త కరివేపాకు కొసరు వెయ్యమన్నాను. ఆయన నవ్వి రెండు రెబ్బలు సంచిలో పడేశాడు. మా అమ్మాయి ముఖం కందగడ్డయింది. కారెక్కేదాకా ఓపిక పట్టి, "అమ్మా, దానికి నువ్వు పే చెయ్యలేదు. దట్స్ స్టీలింగ్!" అంది. రెండు రెబ్బలకి దొంగనైపోయాను. నవ్వాపుకుంటూ, పెరూ కొండల్లో వాళ్ళ నానమ్మ కొసరు అడిగిన కథ మొదలుపెట్టాను. మా ఆయన డ్రైవ్ చేస్తూ వింటున్నారు.

ఎం.ఎస్. చదివే రోజుల నుంచీ ఆండీస్ కొండల్లో నడవాలని నాకు పిచ్చి. పెళ్ళయిన కొత్తలో ఇద్దరికీ ట్రిప్ బుక్ చేశాను. తీరా బయలుదేరబోతుంటే మా ఆయనకి ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ పని వచ్చిపడింది. అప్పుడు మా ఇంట్లోనే ఉన్న అత్తగారు, "నేనొస్తా పద, ఇక్కడ గోడలు చూస్తూ ఏం చేస్తాను?" అన్నారు. హనీమూన్ అనుకున్న ప్రయాణానికి అత్తగారు తోడు! ఎవరితో చెప్పుకోను? పైగా ఎయిర్‌పోర్ట్‌లో మా ఆయన, "అమ్మని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకు" అని మరీ మరీ చెప్పారు. అలాగైతే నేను కొండెలా ఎక్కాలో చెప్పలేదు. విమానంలో ఉన్నంతసేపూ నాకు అదే దిగులు.

కుస్కో దగ్గర ఒక కొండ ఊళ్ళో దిగిన మర్నాడే సంత. నేల మీద రంగురంగుల దుప్పట్లు, వాటి మీద బంగాళాదుంపల గుట్టలు, నల్లవి, ఊదావి, అల్లం కొమ్ముల్లా వంకర్లు తిరిగినవి. ఎటు చూసినా ఉన్ని వాసన, ఉడికిన మొక్కజొన్న వాసన. అత్తగారు చుట్టూ కలయజూసి, "అచ్చం మన సంతే, టోపీలే తేడా" అని తేల్చేశారు. వండుకునే వీల్లేదత్తయ్యా అన్నా వినకుండా, పెద్ద టోపీ పెట్టుకున్న ఒకావిడ దగ్గర దుంపలు కొన్నారు. కొని, సంచి చాపి, అచ్చ తెలుగులో "కొసరెయ్యవే తల్లీ" అన్నారు. టోపీ ఆవిడకి అనువాదం అక్కర్లేకపోయింది. "యాపా!" అని నవ్వుతూ మరో రెండు దుంపలు వేసింది. అక్కడ కొసరు పేరు యాపా అని మా గైడ్, ఇంగ్లీష్ వచ్చిన పిల్ల, చెప్పింది. అత్తగారు ఆవిడ పక్కనే దుప్పటి మీద చతికిలబడి, "నాకు మోకాళ్ళ నొప్పులు. నువ్వు ఈ పిల్లతో పైకెళ్ళి చూసిరా" అన్నారు. మా ఆయన మాట గుర్తుచేస్తే, "వాడికి నేను చెప్పుకుంటాలే, పో" అన్నారు.

నాలుగడుగులకోసారి ఆయాసపడుతూ ఎక్కాను. మెట్లు మెట్లుగా ఉన్న పొలాల్లో ఒక లామా నెమరేస్తూ, పెళ్ళిచూపులకొచ్చిన పెద్దావిడలా నన్ను ఎగాదిగా చూసింది. పైన మంచుకొండలు, ఈదురుగాలి. పెళ్ళయ్యాక నన్నెవరూ ఏమీ అడగని మొదటి గంట అది. సంతోషంతో కాస్త ఏడ్చాను కూడా.

దిగొచ్చేసరికి దుప్పటి మీద అత్తగారొక్కరే ఉన్నారు. టోపీ ఆవిడ బేరం అత్తగారికి అప్పజెప్పి దేనికో లేచి వెళ్ళింది. కొన్నవాళ్ళందరికీ మా అత్తగారు దోసిళ్ళతో కొసరు పోస్తున్నారు, జనం బారు కట్టారు. అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడం విన్నాను గానీ, అత్తే పరాయి సొమ్ము దానం చెయ్యడం అప్పుడే చూశాను. టోపీ ఆవిడ పరుగున వచ్చి, తరిగిన గుట్టని చూసి తల పట్టుకుంది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. అత్తగారు తను కొన్న దుంపలన్నీ సంచిలోంచి ఆ గుట్టలోనే పోసేశారు.

కథ ఇక్కడికి రాగానే, కారు నడుపుతున్న మా ఆయన అడ్డు తగిలారు. "అమ్మకి మోకాళ్ళ నొప్పులేంటి? అప్పట్లో ఏటా తిరుమల నడిచే ఎక్కేదిగా!"

ఇంటికి రాగానే వీడియో కాల్ చేసి నిలదీశాను. అత్తగారు నవ్వారు. "కొత్త కోడలివి. నేను పక్కనుంటే కొండని చూస్తావా, నన్ను చూసుకుంటావా?"

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా అత్తయ్యా?"

"అప్పుడు చెబితే దెప్పాననుకునేదానివి."

నిజమే, అనుకునేదాన్నే. ఆ మాట అనడానికి ఆమెకీ, విని నవ్వడానికి నాకూ పదేళ్ళు పట్టింది.