ఎంగిలి నీళ్లు

చేర్యాల నుంచి సిద్దిపేట పోయే బస్సులో పక్కనున్న పెద్దావిడ నీళ్ల సీసా అందిస్తే వద్దన్నాను.

"నాకు హెపటైటిస్ సి ఉందట, అక్కా." వారం నుంచి ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నా ఎంగిలి ఎవరికీ తగలకుండా గ్లాసు వేరుగా దాచుకుంటున్నాను.

"గది నాక్కూడ ఉండె, తమ్మీ. కాన్పప్పుడు ఎక్కించిన రక్తంతోని వచ్చింది. నీళ్లతోని రాదు. నొప్పి లేకపాయె, ఏండ్లకేండ్లు తెల్వలే. తెలిసేసరికి లివర్ గట్టిపడ్డది. మూన్నెల్లు గోలీలు మింగితే రోగమైతే పోయింది గని, లివర్ మునుపటి లెక్క కాలే. నువ్వు ఆలస్యం చెయ్యకు."

సీసా నోట పెట్టుకుని తాగాను. ఆమె దాన్ని తుడవకుండానే మిగిలిన నీళ్లు తాగేసింది.

సిద్దిపేటలో దిగగానే మా ఆవిడకు ఫోన్ చేసి అంతా చెప్పాను. "దవాఖానకు పోతున్న, నువ్వు గూడ రా" అన్నాను.