రంగూన్ ఓడ తప్పిన దాలమ్మ

ఖరగ్‌పూర్ రైల్వేవాళ్ళ ఓల్డ్ సెటిల్‌మెంటులో నిలబడి "దాలమ్మా" అని కేకేస్తే నాలుగు గుమ్మాల్లోంచి నలుగురు తొంగిచూసేవారు. అందుకని ఒకావిడ గేదెల దాలమ్మ, ఇంకొకావిడ కుళాయి దాలమ్మ, ఇలా తలా ఒక తోక తగిలించి పిలుచుకునేవారు. ఫిట్టరు నూకరాజు కూతురు మాత్రం రంగూన్ దాలమ్మ. ఆవిడ రంగూన్‌లో కాపురం చేసింది ఏడాది పైచిలుకు, అంతే. మిగిలిన బతుకంతా ఖరగ్‌పూర్‌లోనే తెల్లారింది. ఊళ్ళోవాళ్ళ నోటికి లెక్కాపత్రం ఉంటుందా! రంగూన్ దాలమ్మ అనేశారు, అది ఖాయమైపోయింది.

శ్రీకాకుళం వైపు పల్లెల్లోంచి కూటికోసం బయల్దేరిన వాళ్ళలో కొందరు రైలెక్కి ఖరగ్‌పూర్ వర్కుషాపుకొచ్చారు, కొందరు ఓడెక్కి రంగూన్ పోయారు. ఎటు పోయినా పెళ్ళి సంబంధాలు మాత్రం తమలో తామే. నూకరాజు అప్ప, అంటే అక్క, జోగమ్మ రంగూన్‌లో ఉండేది. ఆవిడ కొడుకు జగ్గారావు అక్కడొక బియ్యం మిల్లులో ఇంజను చూసుకునేవాడు. మేనరికం ఎక్కడికి పోతుంది? 1960లో దాలమ్మ మెడలో పుస్తె కట్టి, కలకత్తా రేవులో ఓడెక్కించి తీసుకుపోయాడు.

మేనబావే మొగుడు కాబట్టి కొత్తా బెరుకూ లేవు. మిల్లు వెనకాల చెక్క ఇల్లు, వానొస్తే రేకుల మీద డప్పులు. పక్కింటి బర్మా ఆవిడ ఏదో చెక్క అరగదీసి దాలమ్మ బుగ్గలకి పూసేది, జగ్గారావు చూసి పగలబడి నవ్వేవాడు. ఆదివారం సాయంత్రం ఇద్దరూ నడుచుకుంటూ వెళ్ళి బంగారు గోపురం చూసొచ్చేవారు. దాలమ్మ తర్వాత ఎన్నేళ్ళు బతికినా, సుఖపడ్డ రోజులేవంటే అవే చెప్పేది.

కడుపుతో ఉంది. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి, అందులో ఎవరికీ రెండో మాట లేదు. కాకపోతే బర్మాలో వీళ్ళు పరాయి దేశస్థులు. ఉండటానికి ఏటేటా ఒక కాగితం, ఊరికెళ్ళి మళ్ళీ రావడానికి ఇంకొక కాగితం. ఆ రెండోదాన్ని రీఎంట్రీ పర్మిట్ అంటారు, దానికి గడువుంటుంది. జగ్గారావు ఆఫీసుల చుట్టూ తిరిగి అది సంపాదించి, ఓడ దగ్గర పెళ్ళాం చేతిలో పెట్టాడు.

"ఫిబ్రవరి ఆకరికి గడువు. ఈలోగా వచ్చీవాల. దాటిందంటే నాను రమ్మన్నా నిన్ను రానివ్వరు, తెలిసిందా?"

దాలమ్మ నవ్వింది. "నా ఇంటికి నాను రాడానికి ఎవులి సెలవు కావాల బావా?"

దీపావళి వెళ్ళాక ఖరగ్‌పూర్‌లో ఆడపిల్ల పుట్టింది. స్వర్ణకుమారి అని పేరు పెట్టమని జగ్గారావు ఉత్తరం రాశాడు. నూకరాజు కలకత్తా వెళ్ళి ఫిబ్రవరి మొదటి వారంలో ఓడకి టిక్కెట్టు తెచ్చాడు. గడువుకి ఇంకా చాలా ముందే. అంతా సవ్యంగానే ఉంది.

అప్పుడొచ్చి పడింది అష్టగ్రహ కూటమి.

1962 ఫిబ్రవరిలో ఎనిమిది గ్రహాలు ఒక్కచోట చేరతాయని, ప్రళయం తప్పదని దేశమంతా గగ్గోలెత్తింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు నవ్వినవాడు లేడు. ఓల్డ్ సెటిల్‌మెంటులో మనవాళ్ళు హోమగుండాలు తవ్వారు, బెంగాలీలు రాత్రీపగలూ కీర్తనలు పెట్టారు, బీహారీలు యజ్ఞం చేశారు. వర్కుషాపులో సగంమంది సెలవు చీటీలు రాసిచ్చి ఇళ్ళల్లో కూర్చున్నారు. రైళ్ళు ఖాళీగా పోతుంటే గేటు దగ్గర జనం నిలబడి జాలిగా చూశారు. అలాంటి రోజుల్లో పసిగుడ్డుని పట్టుకుని సముద్రం దాటడమా!

"ఓలమ్మో, సంటిదాన్నట్టుకుని నీళ్ళ మీదకేటి? భూమ్మీదోళ్ళకే దిక్కు నేదు!" అని తల్లి పోలమ్మ నెత్తి కొట్టుకుంది. వీధి వీధంతా వచ్చి గుమ్మంలో కూర్చుని అదే పాట పాడింది.

నూకరాజు మాత్రం ఊగలేదు. రోజూ ఇనుముతో పని చేసే మనిషి. "గ్రహాలు కలిస్తే ఓడకేటవుతాదే? బోయిలరు బాగుంటే నడుస్తాది. పిల్లని పంపీడవే మంచిది" అన్నాడు. అని, ఆగి, కూతురి వైపు చూశాడు. "నీ ఇష్టం తల్లీ. నువ్వెలగంటే అలగే."

దాలమ్మ ఒళ్ళోకి చూసుకుంది. పిల్ల నిద్రలో నవ్వుతోంది. చుట్టూ నడి సముద్రం, పైన కూడబలుక్కున్న గ్రహాలు, మధ్యలో ఈ గుప్పెడు ప్రాణం. "పై ఓడకెల్తానయ్యా" అంది.

ఎవరో చెబితే ఆగలేదు, తనే ఆగింది. తర్వాత జన్మంతా ఆ మాట ఎవరి మీదికీ తోయలేకపోయింది పాపం.

అనుకున్న రోజు రానే వచ్చింది. ఏమీ కాలేదు. సూర్యుడు మామూలుగా పొడిచాడు, వర్కుషాపు సైరను మామూలుగా కూసింది, పాలవాడు మామూలుగా నీళ్ళు కలిపిన పాలు పోసి వెళ్ళాడు. జనం సిగ్గుపడి నవ్వుకుని, హోమగుండాలు పూడ్చేసి పనుల్లో పడ్డారు.

నూకరాజు పరుగున కలకత్తా వెళ్ళాడు. గ్రహాలకి జడిసి ఆగినవాళ్ళు దాలమ్మ ఒక్కర్తేనా? వాళ్ళంతా తరువాతి ఓడ మీద పడ్డారు. అది కిక్కిరిసిపోయింది. ఎంత బతిమాలినా డెక్కు మీద కూడా చోటు దొరకలేదు. మార్చిలో ఇంకొక ఓడకి రాయించుకుని ఇంటికొచ్చాడు. "నాలుగు రోజులు ఆలీసమైతే ఏటైపోతాది, కాళ్ళట్టుకుందాం" అనుకున్నారు తండ్రీకూతుళ్ళు. ఫిబ్రవరి వెళ్ళిపోయింది, పర్మిట్ గడువు తీరింది. మార్చి అడుగు పెట్టగానే రంగూన్‌లో మిలటరీవాళ్ళు గద్దెనెక్కారు. ఇక కాళ్ళు పట్టుకోవడానికి అక్కడ పాత దొరలెవరూ మిగల్లేదు.

కలకత్తాలో బర్మావాళ్ళ ఆఫీసుకి పిల్లని చంకనేసుకుని వెళ్ళింది. కిటికీ వెనక గుమాస్తా మొగుడి పేరడిగాడు. దాలమ్మ తల దించుకుంది, మొగుడి పేరు నోటితో ఎలా చెబుతుంది? నూకరాజే చెప్పాడు. గుమాస్తా పర్మిట్ తిరగేసి, ఇది చెల్లిపోయిందన్నాడు. కొత్తగా వీసా కావాలిట. వీసాల్లో రకాలుంటాయిట. దారిలో దిగి మర్నాటికల్లా పోయేవాళ్ళది ఒకటి, వ్యాపారస్థులది ఒకటి, సర్కారు పని మీద పోయేవాళ్ళది ఒకటి. అక్కడ స్థిరంగా ఉండిపోయే రకం మాత్రం ఇప్పుడు ఇవ్వడం లేదుట.

నూకరాజు విడమరిచి చెప్పాక దాలమ్మ అడిగింది, "మొగుడి దగ్గరకెల్లేదానికి ఏ రకం బాబూ?"

గుమాస్తా చెడ్డవాడేం కాదు. ఆ రకమే ఆగిపోయిందమ్మా అని నెమ్మదిగా చెప్పి, తరువాతి మనిషిని రమ్మన్నాడు.

అలా రెండేళ్ళు ఆ కిటికీ చుట్టూ తిరిగారు. 1964లో బర్మాలో దుకాణాలూ మిల్లులూ సర్కారు పట్టేసుకుని, మనవాళ్ళని ఓడల మీద పంపేయడం మొదలుపెట్టింది. కట్టుబట్టలతో దిగుతున్నారని ఊరూవాడా ఏడ్చింది. దాలమ్మ ఒక్కర్తే లోలోపల సంతోషించింది. ఆస్తి పోతే పోనీ, మనిషి వస్తాడు కదా! ఓడ విశాఖపట్నం వస్తోందని, అందులో అత్త పేరుందని కబురు తెలియగానే మద్రాసు మెయిలెక్కి తండ్రితో పాటు రేవుకెళ్ళింది. పిల్లకి కొత్త గౌను తొడిగింది, తను పెళ్ళిచీర కట్టుకుంది.

జనం దిగుతూనే ఉన్నారు. దాలమ్మ కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తూనే ఉంది. చివర్లో జోగమ్మ దిగింది, చేతిలో ఒక రేకు పెట్టె. వెనక ఎవరూ లేరు.

"అత్తా, బావేడీ?"

జోగమ్మ కోడల్ని పట్టుకుని బావురుమంది. "ఆడు రాడే తల్లీ. బర్మావోడైపోనాడే! బర్మా మనిసైతే పెళ్ళాన్ని రప్పించుకోవచ్చని ఎవడో సెప్పినాడట. నువ్వు ఓడ తప్పినావని తెలీగానే, మిలటరీ రాకముందే పెట్టినాడు అర్జీ. మిలటరీ వచ్చిన పిమ్మట మంజూరైనాదది. ఇప్పుడాడు మన దేసపోడు కాదు గదా, మనోళ్ళ ఓడెక్కనివ్వరు. అక్కడోడైతే అయినాడు గానీ, పాస్‌పోర్టడిగితే మొకం మీద తలుపేసీసినారు."

చూశారా ఎంత అన్యాయమో! వాడు పెళ్ళాం కోసం దేశం మార్చుకున్నాడు. మార్చుకోకపోతే ఆ ఓడలోనే దిగేవాడు. ఇక మీదట ఖరగ్‌పూర్ రావాలంటే జగ్గారావుకి పాస్‌పోర్టు కావాలి, రంగూన్ వెళ్ళాలంటే దాలమ్మకి వీసా కావాలి, ఇద్దరికీ ఇచ్చేవాడు లేడు. ఎవరిని తిట్టాలో తెలియక దాలమ్మ ఆ రేవులో నిలబడి గ్రహాలని తిట్టింది, తర్వాత తన నోటిని తిట్టుకుంది. పిల్ల తన కొత్త గౌను అంచు పట్టుకుని, "అయ్యేడే అమ్మా?" అని అడుగుతూనే ఉంది.

జోగమ్మ ఊరికెళ్ళి ఏడాది తిరక్కుండా పోయింది. నూకరాజు రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి ఖరగ్‌పూర్‌లోనే సుభాష్‌పల్లిలో ఒక గది అద్దెకి తీసుకున్నాడు. అక్కడే ముందు పోలమ్మ, తర్వాత ఆయనా కన్ను మూశారు. గోల్‌బజార్లో కోమట్ల కన్యకాంబ కొట్టుకి దాలమ్మ జంతికలు, చేగోడీలు వండి ఇచ్చేది. రంగూన్ ఉత్తరాలు ముందు నెలకొకటి, తర్వాత పండక్కొకటి. అవీ ఎవరో విప్పి అంటించినవే. అందుకని జగ్గారావు కులాసా అని తప్ప ఏమీ రాసేవాడు కాదు.

పిల్ల బడికెళ్ళడం మొదలుపెట్టాక ఇంకో బాధ. బెంగాలీ పిల్లలు నీకు తండ్రి లేడన్నారని ఏడుస్తూ ఇంటికొచ్చింది. దాలమ్మకి ఒళ్ళు మండిపోయింది. పిల్లని ఎదురుగా నిలబెట్టుకుని నేర్పింది, "ఎవులడిగినా జడవకు. తలెత్తి సెప్పు. మా అయ్య రంగూన్‌లో ఉన్నాడని సెప్పు. తెలుగోళ్ళకి తెలుగులో, బెంగాలోళ్ళకి బెంగాలీలో సెప్పు." ఇద్దరూ కలిసి ఆ మాట రోజూ జడ వేసుకునేటప్పుడు అప్పజెప్పుకునేవారు. పిల్ల ఆ మాట ఎంత ఠీవిగా చెప్పేదంటే, అడిగినవాళ్ళు రెండోసారి అడిగేవారు కాదు.

1970 దాటాక ఒకరోజు కన్యకాంబ కొట్లోంచి కేకేసింది. "దాలమ్మా, మా మరిది కలకత్తా నుంచి రాశాడే. బర్మావాళ్ళు ఊరు చూసిపోయేవాళ్ళకి వీసా ఇస్తున్నారంట, వారం రోజులుండొచ్చంట. టూరిస్టు వీసా అంటారంట."

దాలమ్మకి చేతిలో జంతికల డబ్బా జారిపోయింది. వారం రోజులు! వారం రోజులు చాలు. పిల్ల మొహం ఆయన చూస్తాడు, ఆయన మొహం పిల్ల చూస్తుంది. ఆపైన చచ్చినా దిగులు లేదు. ఓడలు ఎప్పుడో ఆగిపోయాయి, విమానమే గతి. పుట్టింటి గాజులు, చెవుల దుద్దులు, తండ్రి మిగిల్చిన నాలుగు రాళ్ళు, అన్నీ ఊడ్చి పెట్టింది. పుస్తెలొక్కటే ఉంచుకుంది.

కలకత్తాలో ఆ బర్మావాళ్ళ ఆఫీసు బయట అర్జీలు టైపు చేసే ఒక బెంగాలీ ముసలాయన ఉండేవాడు. కథంతా విని తల పట్టుకున్నాడు. "దీదీ, మొగుడు అక్కడున్నాడంటే టూరిస్టు వీసా ఇవ్వరు. పోయినవాళ్ళు వెనక్కి రారని వాళ్ళ భయం. అక్కడ నాకెవరూ లేరు, మా ఆయన ఖరగ్‌పూర్ వర్కుషాపులో పని చేస్తాడు అని చెప్పాలి. పిల్లకి కూడా చెప్పి ఉంచు."

"ఠీక్ హై దాదా" అంది దాలమ్మ.

అలాగే ఆయన అర్జీ రాశాడు, తను వేలిముద్ర వేసింది. పిల్లకి చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు. తొమ్మిదేళ్ళ పిల్లకి ఊహ తెలిసినప్పట్నుంచీ నేర్పిన మాటని, ఈ గుమ్మంలో నిలబడి కాదనమని ఎలా చెప్పడం? అయ్య రంగూన్‌లో లేడని నేర్పడమంటే తన చేత్తో బొట్టు చెరుపుకున్నట్టే ఉంది ఆ మనిషికి. పిల్లనెవరు అడుగుతారులే అనుకుంది.

లోపల ఒక బెంగాలీ బాబు కాగితాలు చూశాడు. అడిగినవాటికన్నిటికీ దాలమ్మ గుండె చిక్కబట్టుకుని చెప్పింది. మీ ఆయనెక్కడ? ఖరగ్‌పూర్‌లో. రంగూన్ ఎందుకు? గోపురం మొక్కు. అక్కడ మీవాళ్ళున్నారా? ఎవరూ లేరు. ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆవిడ చెయ్యి దానంతటదే మెడలోకి పోయింది. ఆ బాబు తృప్తిపడి, ముద్ర కోసం సొరుగు లాగాడు. లాగుతూ, రెండు జడలు వేసుకుని బుద్ధిగా నిలబడిన పిల్లని చూసి ముచ్చటపడ్డాడు. మీ నాన్న ఎక్కడుంటాడమ్మా అని బెంగాలీలో అడిగాడు. ఊరికే, పలకరింపుకి.

స్వర్ణకుమారి తలెత్తింది. జడవలేదు.

"ఆమార్ బాబా రేంగునే థాకేన్" అంది గట్టిగా, మా నాన్న రంగూన్‌లో ఉంటాడని.

ఆ బాబు చెయ్యి ఆగిపోయింది. దాలమ్మ వైపు చూశాడు. ఆయన మొహంలో కోపం లేదు, అదే భరించలేకపోయింది దాలమ్మ. సొరుగు మళ్ళీ మూసి, కాగితాలు ఇవతలికి తోశాడు.

హౌరాలో ఖరగ్‌పూర్ లోకలెక్కారు. టైపు ముసలాయన ఇంకోసారి రాద్దామన్నాడు గానీ, పేరు ఒకసారి చెడ్డాక మళ్ళీ ఇస్తారని ఆయనకీ నమ్మకం లేదు, ఈవిడకీ లేదు. బండి బయల్దేరింది. తల్లి కిటికీ వైపు తిరిగి కూర్చోవడం చూసి పిల్ల బిక్కమొహం వేసింది. చాలా దూరం పోయాక చీర కొంగు పట్టుకుని మెల్లగా అడిగింది.

"తప్పు సెప్పినానా అమ్మా?"

దాలమ్మ పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. చెదిరిన జడ విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది.

"నేదు తల్లీ. సరిగ్గా సెప్పినావు. ఎవులడిగినా అలగే సెప్పు."

బండి పాంశ్‌కుడా స్టేషను దాటింది. పిల్ల ఆ మాటే ఇంకోసారి తల్లికి అప్పజెప్పి, ఒళ్ళో నిద్రపోయింది.